గడియ ఏ వైపు

"వెళ్తున్నా" అన్నాడు డ్రైవరు గుమ్మంలో నిలబడి.

వంటింట్లోంచి జవాబు రాలేదు.

ఆయన బూట్లు వేసుకోవడం ఎప్పుడో అయిపోయింది. అయినా వంగి, కట్టిన లేసు విప్పి మళ్ళీ కట్టాడు. టోపీ తీసి దులిపి పెట్టుకున్నాడు. జేబులో తాళాలు ఉన్నాయని తెలిసి కూడా తడుముకున్నాడు.

"వెళ్తున్నానోయ్" అన్నాడు ఇంకాస్త గట్టిగా.

గిన్నెలో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది. అంతే.

"ఇంకా దేనికోసంరా చూస్తున్నావు?" అంది కిటికీ పక్క కుర్చీలోంచి ఆయన అక్క. "మెల్లగా నడుపు, మెల్లగా నడుపు అని రోజూ చెప్తుంటే చెవిలో జోరీగ అని విసుక్కునేవాడివి. ఇప్పుడు చెప్పట్లేదని గుమ్మానికి వేలాడుతున్నావు."

"మా ఇంటి సైరన్ పాడైందక్కా. అది మోగితే గానీ బండి కదలదు."

నవ్వించాలనే అన్నాడు. తను కూడా నవ్వలేకపోయాడు. మెట్లు దిగిపోయాడు.

వంటింట్లో ఆయన భార్య, ఆ ఇంటి అమ్మాయికి అమ్మ, గరిటె పక్కన పెట్టి, పొయ్యి మంట తగ్గించి, కిటికీ ఊచల్లోంచి ఆయన వెళ్ళే దాకా చూసింది. రాత్రి సరిగా నిద్రపోలేదు మనిషి. కళ్ళు మంటగా ఉన్నాయని పొద్దున రెండుసార్లు నీళ్ళు కొట్టుకున్నాడు. ఆకాశం చూస్తే ముసురు పట్టేలా ఉంది. తడి రోడ్డు, మంటెక్కిన కళ్ళు, బస్సు నిండా జనం. ఆమెకి కళ్ళు మూసినా తెరిచినా ఒకటే బొమ్మ: బస్సు ఒరిగిపోయి, పైకి లేచిన చక్రం ఇంకా తిరుగుతూ ఉండడం.

నోటిదాకా వచ్చింది. పళ్ళ మధ్య పట్టుకుని ఆపింది.

ఆ ఇంట్లో నాలుగు రోజులుగా ఇదే వరస. కూర తరుగుతుంది, బట్టలు ఉతుకుతుంది, అన్నం వడ్డిస్తుంది. అడిగితే "ఊ" అంటుంది, "ఊహూ" అంటుంది. జాగ్రత్త అన్న మాట మాత్రం ఆమె నోటినుంచి రాలేదు. గొడుగు గుమ్మం పక్కనే ఉన్నా తీసుకెళ్ళమని ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీపెట్టె తీగ ఊడి ఉందని తెలిసి తనే టేపు చుట్టింది గానీ ముట్టుకోవద్దని అరవలేదు. చేరాక ఫోన్ చెయ్యమని అనలేదు. ఎవరూ చెయ్యలేదు కూడా. అదొక్కటే ఆమె గుండెలో ముల్లు.

కూతురు రాసిన ఒక పాటే దీనికంతటికీ కారణం.

ఒక పాత నవల ఉంది, అది తెలియనివాళ్ళు లేరు. బళ్ళో పాఠంగా చదువుకున్నవాళ్ళే సగం మంది. ఊళ్ళో మాయరోగం తిరుగుతోందని ఒక తల్లి ఎదిగిన కూతుర్ని గదిలో పెట్టి బయట గడియ పెడుతుంది. వీధి చివర అంటుకున్న మంట ఇంటిదాకా వస్తుంది. తల్లి పరిగెత్తుకొచ్చేసరికి గడియ ఎర్రగా కాలి ఉంటుంది, చెయ్యి పెట్టలేకపోతుంది. ఆ పుస్తకం చదివిన ప్రతివాళ్ళూ ఆ తల్లిని తిట్టుకున్నవాళ్ళే. అమ్మ కూడా తిట్టుకుంది, పెళ్ళి కాక ముందు. కడుపుతో ఉన్నప్పుడు మళ్ళీ చదవబోయి చివరి పేజీలు తిప్పకుండా అల్మరాలో పెట్టేసింది.

ఇప్పుడు దాన్నే పాటల నాటకం చేస్తున్నారు. మాటల కన్నా పాటలెక్కువ. వాయించేవాళ్ళు కూడా వేదిక మీదే ఉంటారు. ఇన్నాళ్ళూ అందరూ కూతురి వైపు నుంచి చదివిన కథని తల్లి వైపు నుంచి చెప్తారట. పాటలన్నీ ఈ ఇంటి అమ్మాయే రాసింది. కూతురి వేషం కూడా తనదే. దాని కోసం బళ్ళో సంగీతం టీచరు ఉద్యోగం మానేసింది.

నాలుగు రోజుల కిందట అమ్మాయి గొంతు బొంగురు పోయిందని ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకుని అమ్మ రిహార్సలు హాలుకి వెళ్ళింది. తల్లి వేషం వేసే పెద్ద నటి అప్పుడే పాట ఎత్తుకుంది.

చెప్పులేసుకున్నావా, గొడుగు తీసుకున్నావా,
చేరగానే ఒక్క మాట చెప్తావా,
తలుపేస్తా, తల్లీ, తలుపేస్తా,
నిద్దరొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా.

వెనక కోరస్ పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. "మా అమ్మే!" అన్నాడొకడు. "అందరి అమ్మా ఇంతే" అంది ఇంకొక పిల్ల. అమ్మ చేతిలో ఫ్లాస్కు బెంచీ మీద పెట్టేసి వచ్చేసింది. ఇంటికొచ్చి ఒక్కటే మాట అంది: "ఆ పాట ఉన్నన్నాళ్ళు ఈ ఇంట్లో నేను ఎవరికీ ఏమీ చెప్పను."

అన్నమాట మీద నిలబడింది.

*

అమ్మాయి గదిలోంచి వచ్చింది. మెడకి మఫ్లరు, చేతిలో కాయితాలు. కాసేపు దగ్గింది. పొడి దగ్గు.

అమ్మ చెయ్యి మిరియాల డబ్బా దాకా వెళ్ళి ఆగింది.

"అత్తా, అమ్మని అడుగు, వేడినీళ్ళున్నాయేమో" అంది అమ్మాయి.

"అదుగో, నాలుగడుగుల దూరంలో ఉంది. నువ్వే అడుగు. నేనేం పోస్టాఫీసునా?"

"నేనడిగితే మాట్లాడదుగా."

"మాట్లాడితే పాటకట్టి అమ్ముకుంటావని భయం కాబోలు" అంది ఆడపడుచు. ఎవరి పక్షమో ఆమెకే తెలియదు. రెండు వైపులా ఒక్కొక్క చురక అంటిస్తే గానీ పొద్దు పోదు.

అమ్మాయి మొహం ఎర్రబడింది. "అమ్మా, పాట తీసేస్తున్నాను. నిన్న మా దర్శకురాలికి ఫోన్లో చెప్పేశాను. సరేనా? ఇప్పుడైనా మాట్లాడు."

అమ్మ గ్లాసులో వేడినీళ్ళు పోసి, చిటికెడు మిరియాల పొడి కలిపి, బల్ల మీద పెట్టింది. కూతురి వైపు చూడలేదు.

"ఇది కాదు నేనడిగేది."

"నీళ్ళు చల్లారిపోతాయి" అంది అమ్మ.

నాలుగు రోజుల్లో అదే పెద్ద వాక్యం. అమ్మాయి గ్లాసు తీసుకుంది గానీ తాగలేదు. మళ్ళీ బల్ల మీదే పెట్టేసింది.

*

మధ్యాహ్నం దర్శకురాలు వచ్చింది. చెప్పకుండా వచ్చింది.

కళ్ళజోడు నెత్తి మీద, భుజానికి సంచీ, వాన చినుకులు పడ్డ చొక్కా. కుర్చీ అంచున కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. పెద్ద ఉద్యోగాలవాళ్ళని కూడా నేల మీద దొర్లించి నటన నేర్పించే మనిషి, అమ్మ ముందు మాత్రం పరీక్ష తప్పిన పిల్లలా ఉంది.

"ఆంటీ, నేను బతిమాలడానికే వచ్చాను. పాట తీసేస్తానంటోంది మీ అమ్మాయి. ఆ పాట తీసేస్తే ఆ తల్లి మళ్ళీ పాత నవల్లో రాక్షసే. ఇంక మేం కొత్తగా చెప్పేదేముంది? శనివారం మొదటి ఆట. నాటకం ఆపేసుకోవడం మంచిది."

"ఆపేసుకోండి" అంది అమ్మాయి గుమ్మానికి ఆనుకుని.

"నువ్వుండు. ఆపేస్తే నీకేం ఉద్యోగం మిగిలింది? ఎక్కడికి పోతావు?"

ఆ మాట అమ్మకి గుచ్చుకుంది. కూతురు వీధిన పడడం, గొంతు పూర్తిగా పోవడం, ఏ పనీ దొరక్క మంచం పట్టడం, అన్నీ ఒక్క రెప్పపాటులో చూసేసింది. నోరు మాత్రం తెరవలేదు.

ఆడపడుచు అందుకుంది. "నాకొకటి చెప్పమ్మా. మీ నాటకంలో గోడలుండవటగా? తలుపొక్కటే నిలబెట్టారట?"

"అవునండీ. తలుపొక్కటే. కోరస్ వాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటారు."

"మరి ఆ పిల్ల తలుపు పక్కనుంచి నడిచి బయటికి పోవచ్చుగా?"

దర్శకురాలు నవ్వలేదు. "పోవచ్చండీ. పోదు. అదే మా నాటకం."

బయట వాన పెద్దదైంది. అమ్మ లేచి కిటికీ రెక్క వేసి, ఆయన తడి రోడ్డు మీద ఏ మలుపులో ఉన్నాడో అనుకుంటూ అక్కడే నిలబడింది.

"ఆంటీ" అంది దర్శకురాలు మెల్లగా. "ఆ పాట విని మా హాల్లో నవ్వారు, నిజమే. కానీ మొదటి చరణం దాకే. రెండోసారి పాడేటప్పటికి ఒక్కళ్ళూ నవ్వలేదు. మీరు అప్పటికే వెళ్ళిపోయారు. దాంట్లో మిమ్మల్ని ఎగతాళి చేసింది ఏమీ లేదు. మీ మాటల్ని ఒక్క అక్షరం కూడా మార్చలేదు మేము."

అమ్మ కిటికీ దగ్గర్నుంచి తిరిగింది.

"మార్చారు" అంది.

అమ్మాయి తలెత్తింది.

"గొడుగు నాది. చెప్పులు నావి. చేరాక చెప్పమనేదీ నాదే. తలుపు మాట నాది కాదు. నేను పుట్టి బుద్ధెరిగిన తరవాత తలుపేస్తా అని నా బిడ్డతో అనలేదు. తలుపేసుకో అన్నాను."

దర్శకురాలికి వెంటనే తట్టలేదు. "రెండూ ఒకటే కదా ఆంటీ, తాళానికి కుదరక..."

"ఒకటెలా అవుతాయి? వేసుకో అంటే గడియ లోపల ఉంటుంది. దాని చేతిలో ఉంటుంది. ఎప్పుడు తియ్యాలనిపిస్తే అప్పుడు తీసుకుంటుంది. వేస్తా అంటే బయట ఉంటుంది." కిటికీ గడియ మీద వేలు పెట్టి చూపించింది. "ఆ పుస్తకంలో ఆవిడ వేస్తా అంది. పిల్లని చంపుకుంది. నేను వేసుకో అన్నాను. నా బిడ్డ నా ఎదురుగా నిలబడి ఉంది. ఆవిడ నోట్లో నా మాట పెట్టారు, సరే. నా నోట్లో ఆవిడ మాట ఎందుకు పెట్టారు?"



దర్శకురాలు కళ్ళజోడు నెత్తి మీంచి కిందికి లాక్కుంది. సంచీలోంచి పెన్ను తీసి పాట కాయితం అంచున గబగబా రాసుకోవడం మొదలు పెట్టింది. "వేసుకో... వేస్తా... ఆంటీ, ఇది, ఇది మొత్తం నాటకమే! మొదటి చరణంలో వేసుకో అంటుంది. ఊళ్ళో రోగం వచ్చాక అదే స్వరంలో వేస్తా అంటుంది. ఒక్క మాటతో మనిషి మారిపోతుంది. అబ్బ!"

"ఇదిగో" అంది అమ్మ. "ఇది కూడా రాసేసుకుంటోంది."

పెన్ను ఆగింది.

"ఏడిస్తే రాగం కడతారు, నోరు మూసుకుంటే దాన్నేం కడతారో" అంది అమ్మ. "నేను మనిషినమ్మా. మీ గిడ్డంగిని కాను."

దర్శకురాలు కాయితం మడిచి సంచీలో పెట్టబోయి, మళ్ళీ తీసి బల్ల మీద పెట్టేసింది. "తప్పే" అంది చిన్నగా. "అయితే ఆంటీ, వేసుకో అని మారిస్తే మీకు అభ్యంతరం లేదా? పాట ఉంచుకోవచ్చా?"

అమ్మ ఆలోచించింది. కూతురి ఉద్యోగం గుర్తొచ్చింది. "మారిస్తే ఉంచుకోండి."

దర్శకురాలు గట్టిగా ఊపిరి వదిలింది. ఆడపడుచు "హమ్మయ్య, ఇంక మా ఇంట్లో సైరన్ మోగుతుంది" అంది. అంతా తేలిపోయిందనే అనుకున్నారు.

"మార్చను" అంది అమ్మాయి.

"ఏంటి?"

"పాట తీసేయమంటే తీసేస్తాను. మార్చమంటే మార్చను. తాళానికి కుదరక రాయలేదు దాన్ని. తెలిసే రాశాను."

దర్శకురాలు తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. ఇది తనుండాల్సిన చోటు కాదని ఆమెకి అర్థమైంది. "సాయంత్రం లోపు ఏదో ఒకటి చెప్పు" అని సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాటుతుంటే వాన జోరుగా కొడుతోంది. అమ్మ చెయ్యి తనకి తెలియకుండానే గొడుగు తీసి ఆమె చేతిలో పెట్టింది. మాట మాత్రం రాలేదు.

*

సాయంత్రం డ్రైవరు డ్యూటీ దిగి వచ్చేసరికి ఇద్దరూ బల్లకి చెరో వైపు కూర్చుని ఉన్నారు. ఆయన తడిసిన టోపీ మేకుకి తగిలించి బూట్లు విప్పుకోవడానికి స్టూలు మీద కూలబడ్డాడు.

అమ్మ ఆయన్ని పై నుంచి కింది దాకా ఒకసారి చూసుకుంది. చేతులు, కాళ్ళు, తల, అన్నీ ఉన్నాయి. ఊపిరి పీల్చుకుంది.

"ఏంటి, కోర్టు నడుస్తోందా?" అన్నాడు ఆయన.

"నువ్వు కూడా ఉండు నాన్నా. నువ్వు సాక్షివి" అంది అమ్మాయి.

ఆడపడుచు చెవి మిషను తీసి ఒళ్ళో పెట్టుకుంది. గొడవ ముదిరిందంటే ఆమె చేసే పని అదే.

"చెప్పు" అంది అమ్మ. "తెలిసే రాశానన్నావు. ఏం తెలుసు నీకు?"

"నువ్వొకసారి గడియ పెట్టావు. బయట."

"నేనా?"

"పాటల పోటీ రోజు. బళ్ళో నాకది ఆఖరి సంవత్సరం. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళాలి. గదిలో పాట మరోసారి పాడుకుంటున్నాను. టక్కుమని గడియ పడింది. నేను తలుపు బాదాను. అరిచాను. నువ్వు అవతల పక్క కూర్చుని ఉన్నావు. వద్దమ్మా, ఇవాళ వద్దమ్మా అంటూనే ఉన్నావు. నీ గొంతు ఎంత దగ్గరగా ఉందంటే తలుపు మాట్లాడుతున్నట్టుంది. ఆ రోజు నేను అరిచిన అరుపుకే ఈ గొంతు ఇలా అయిందేమో కూడా."

అమ్మ చేతులు బల్ల మీంచి ఒళ్ళోకి జారాయి.

"నువ్వు మర్చిపోయావా, గుర్తున్నా లేనట్టు ఉన్నావా అని ఇన్నేళ్ళూ చూశాను" అంది అమ్మాయి. "రోజూ జాగ్రత్తలు చెప్పేదానివి. ఆ ఒక్కదాని మాటెత్తలేదు. ఆ నవల చేతికొచ్చినప్పుడు నాకు ఆ తల్లి మీద కోపం రాలేదు. మా అమ్మ కూడా పెట్టింది, అయినా మా అమ్మ రాక్షసి కాదు అనుకున్నాను. ఆ తల్లిని జనం ప్రేమించేలా చెయ్యాలని రాశానమ్మా. వేస్తా అన్నా సరే ప్రేమించాలి. వేసుకో అని మారిస్తే అది ఎవరో మంచి తల్లి పాట. అది నాకక్కర్లేదు."

స్టూలు మీద డ్రైవరు ఒక బూటు విప్పాడు. రెండోది విప్పలేదు.

"నవల్లో ఆ గడియ తీసేవాళ్ళు ఎవ్వరూ రారు" అంది అమ్మాయి. ఇప్పుడు ఆమె గొంతు మెత్తబడింది. తండ్రి వైపు తిరిగింది. "నేను రప్పించాను. చివర్లో ఒకాయన లాంతరు పట్టుకుని వస్తాడు. ఏమీ అడగడు. గడియ తీస్తాడంతే. అది నువ్వే నాన్నా. ఆ రోజు సాయంత్రం నువ్వు వచ్చి తీశావు చూడు, నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా కోసం ఏడ్చావనుకున్నాను. మర్నాడే సంగీతం మాస్టారి దగ్గర చేర్పించావు. నువ్వు తియ్యకపోతే నేను ఆ గదిలోనే ఉండిపోయేదాన్ని. అందుకే ఆ లాంతరు మనిషి."



అమ్మకి ఆ మధ్యాహ్నం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మర్చిపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో.

డ్యూటీ మధ్యలో ఆయన ఇంటికొచ్చేశాడు. చొక్కా ముందు భాగమంతా మరకలు. తన బస్సుకి ముందు వెళ్తున్న బస్సు వంతెన మీంచి జారింది. నీళ్ళలో దిగి స్కూలు పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ గట్టు మీదికి మోసుకొచ్చాడట. మోసుకొచ్చినవాళ్ళలో ఎంతమంది లేచి కూర్చున్నారో ఆయన చెప్పలేదు. గదిలోంచి కూతురి పాట వినపడుతోంది. ఆయన నడిచి వెళ్ళి గడియ పెట్టాడు. ఆ చెయ్యి వణకలేదు. అది ఆమెకి బాగా గుర్తు.

"తీశావంటే నా మీద ఒట్టు" అన్నాడు. పెరట్లోకి వెళ్ళి నేల మీద పడి నిద్రపోయాడు.

ఆమె తలుపు దగ్గర కూర్చుంది. గడియ చేతికందే ఎత్తులోనే ఉంది. ఆమె తియ్యలేదు.

సాయంత్రం లేచి తనే తీశాడు. ఏమీ జరగనట్టు. "దానికి చెప్పకు, పిల్ల జడుసుకుంటుంది" అన్నాడు. ప్రమాదం సంగతి అందరికీ తెలిసింది. దాని వెనక బస్సు ఎవరిదో పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఆ తరవాత నుంచే ఆయన హాస్యాలు మొదలు. మీ అమ్మకి భయం జీతం లేని ఉద్యోగం అనేవాడు. మా ఇంటి సైరన్ అనేవాడు. కూతురు పడీ పడీ నవ్వేది. ఇంట్లో భయం ఎవరిదని అడిగితే పసిపిల్ల కూడా అమ్మ వైపే వేలు చూపించేది. ఆయన భయం కూడా ఆమె పద్దులోకే వచ్చి చేరింది.

ఇప్పుడు నోరు విప్పితే చాలు. ఒక్క మాట. నేను కాదమ్మా, ఆ గడియ మీ నాన్న పెట్టాడు.

ఆమె ఆయన వైపు చూసింది.

డ్రైవరు నేల వైపు చూస్తున్నాడు. చేతిలో బూటు లేసు వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. వేలు కొస తెల్లబడిపోయింది.

చెప్తాడు, అనుకుంది అమ్మ. తనే చెప్తాడు. చెప్పాలి. ఇంతసేపు ఆగాను, ఇంకో నిమిషం ఆగుతాను.

నిమిషం అయింది.

ఆమె మనసు దాని అలవాటు చొప్పున ముందుకి పరిగెత్తింది. నిజం తెలిస్తే ఈ పిల్ల ఏమవుతుంది? చిన్నప్పటి నుంచీ గుండెల్లో పెట్టుకున్న తండ్రి పోతాడు. ఆ లాంతరు మనిషి పోతాడు. నాటకం చివర మళ్ళీ ఎవరూ రారు. పిల్ల వేదిక మీద ఆ తలుపు వెనక నిలబడి చూస్తూ ఉంటుంది. అమ్మ పోతే ఏముంది, అమ్మని ఎలాగూ తీసేసి పాటలో పెట్టుకుంది. ఆయన ఒక్కడే మిగిలాడు దానికి.

అయినా ఆ రోజు గడియ తీయనిది తనే కదా.

"అవును" అంది అమ్మ. "నేనే పెట్టాను."

డ్రైవరు చటుక్కున తలెత్తాడు.

"పాట మార్చక్కర్లేదు. అలాగే ఉంచు" అంది.

అమ్మాయి కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి. గెలిచినట్టు లేదు ఆమె మొహం. బల్ల చుట్టూ తిరిగి వచ్చి తల్లి భుజం మీద తల పెట్టింది. "కాదంటావేమో అనుకున్నానమ్మా. కాదంటే ఏం చెయ్యాలో తెలిసేది కాదు నాకు. ఒప్పుకున్నావు చాలు. ఇంక నాకేమీ లేదు."

అమ్మ ఆమె మఫ్లరు సర్దింది. మెడ వేడిగా ఉంది. జ్వరమా? అడగలేదు.

"ఆవిడకి చెప్పొస్తాను" అని అమ్మాయి ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. నడకలో ఎంతో కాలానికి తేలిక వచ్చింది.

బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. ఆడపడుచు కుర్చీలో కళ్ళు మూసుకుంది. ఆమె నిద్రపోయిందో లేదో ఎవరికీ తెలియదు.

"ఎందుకలా అన్నావు?" అన్నాడు డ్రైవరు. గొంతు లేదు, గాలి ఒక్కటే వచ్చింది.

"మీరు ఏమీ అనలేదు కాబట్టి."

"నేను చెబుదామనే..."

"చెప్పండి. తలుపు తెరిచే ఉంది. అమ్మాయి పక్క గదిలోనే ఉంది."

ఆయన లేచాడు. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. రెండడుగులు వేసి ఆగాడు. తడిసిన మేజోడు నేల మీద మరక చేసింది. "శనివారం నాకు డ్యూటీ ఉంది" అన్నాడు చివరికి. "ఆటకి రావడం కుదరదేమో."

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఇంతకాలం ఈ మనిషి ఎక్కడ పడిపోతాడో, ఏ మలుపులో ఏమవుతాడో అని వణికిపోయింది. ఆయనకి ఏమీ కాలేదు. ఎదురుగా నిక్షేపంలా నిలబడి ఉన్నాడు. ఈయన కోసమా ఇన్నేళ్ళూ భయపడ్డాను, అనుకుంది.

లోపలి గదిలోంచి అమ్మాయి నవ్వు వినపడింది. ఫోన్ చెవికి పెట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నాన్నా! ఆవిడ ఏమంటోందో తెలుసా? శనివారం తెర లేవకముందు ఆ లాంతరు నువ్వే వెలిగించాలట. వేదిక మీదికొచ్చి, అందరి ఎదురుగా. ఈ కథకి గడియ తీసింది ఈయనే అని నేను నాలుగు మాటలు చెప్తాను. డ్యూటీ గీటీ అనకు, సెలవు పెట్టు. అమ్మ కూడా ముందు వరసలో కూర్చుంటుంది."

డ్రైవరు భార్య వైపు చూశాడు. ఏదైనా అడ్డం వేస్తుందేమోనని, ఒంట్లో బాగాలేదనో, వానలనో, జనంలో తొక్కిసలాటనో, ఎప్పుడూ అనే మాటల్లో ఒక్కటైనా అంటుందేమోనని చూశాడు.

ఆమె బల్ల మీద చల్లారిపోయిన గ్లాసు తీసుకుని వంటింట్లోకి నడిచింది.

"నాన్నా?" అంది అమ్మాయి. "ఆవిడ లైన్లో ఉంది. ఏం చెప్పను?"